మొదటి తట్ట మన్ను

2022 వానాకాలం. ఖాజాగూడ గుట్టల వెనక, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అద్దాల మేడలకు కూతవేటు దూరంలో, మూతపడి పదిహేనేళ్లయిన ఒక రాతి క్వారీ. దాన్ని పార్కుగా మార్చే పని మా చిన్న కన్సల్టెన్సీకి వచ్చింది, కన్సల్టెన్సీలో నాకు వచ్చింది. మణికొండలో మా ఫ్లాటు నుంచి స్కూటీ మీద పావుగంట. అంతకుముందు పాతికేళ్లూ ఊరికి దూరంగా గెస్ట్ హౌసుల్లో పడుకుని పనిచేసినదాన్ని, ఇంటి నుంచి టిఫిన్ బాక్సు పట్టుకుని గనికి వెళ్లడం అదే మొదలు. ఇది కళ్లు మూసుకుని చేసేస్తానని మావారితో అన్నాను. ఆ మాట తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

నా పనేమిటో ముందు చెప్పాలి. నేను మైనింగ్ ఇంజనీరుని, కానీ తవ్వే పని కాదు నాది. తవ్వి వదిలేసిన గనుల దగ్గర నాకు పని. దీన్ని మైన్ క్లోజర్ అంటారు. ఏం చేస్తారని అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా అడిగితే గనులు మూస్తానండీ అంటాను. తాళాలు మీ దగ్గరే ఉంటాయా అని అడిగినావిడ కూడా ఉంది. గని పని అయిపోయాక దాని గోడలు కూలకుండా వాలు సరిచేయాలి, గుంతలో చేరే నీళ్లకు దారి చూపాలి, తవ్విన నేల మీద మళ్లీ పచ్చదనం తేవాలి. ఇదంతా ఎలా చేస్తామో రాసే రిపోర్టును మైన్ క్లోజర్ ప్లాన్ అంటాం. దాని ఆఖర్లో 'స్థానిక సమాజం' అని ఒక పేజీ ఉంటుంది. బొగ్గు గనులకీ సున్నపురాయి గనులకీ అలాంటి పేజీలు చాలా రాశాను. రాశాననడం కూడా తప్పే. పాత రిపోర్టులోది తెచ్చి, ఊరి పేరు మార్చి అతికించేదాన్ని. ఎవరూ అడిగేవారు కాదు.

ఈ క్వారీ గ్రానైటుది. ఒకప్పుడు నగరంలో ప్రహరీ గోడలకీ పునాదులకీ ఇక్కడి రాయి వెళ్లేది. ఆ నగరమే పెరుగుతూ పెరుగుతూ క్వారీ దాకా వచ్చింది. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాక పేలుళ్లు ఆపించారు. లీజు అయిపోయింది, యజమాని యంత్రాలు విప్పుకుని పోయాడు. మిగిలింది నాలుగంతస్తుల లోతు గుంత, దాని చుట్టూ రాతిపొడి గట్టిపడిన నేల, ఒక మూల రాయిని కంకర చేసే క్రషర్ ఉండిన గచ్చు, రోడ్డు వైపు అంచున ఒక దిబ్బ, ఆ దిబ్బ మీద ఇరవై ఆరు ఇళ్ల బస్తీ. రాళ్లు కొట్టడానికి పాలమూరు వైపు నుంచి వచ్చిన వడ్డెర కుటుంబాలవి. పని ఆగిపోయినా వాళ్లు పోలేదు. మగవాళ్లు లోడింగు పనులకూ వాచ్‌మన్ పనులకూ, ఆడవాళ్లు అపార్ట్‌మెంట్లలో హౌస్‌కీపింగ్‌కూ వెళ్తుండేవారు. ఇళ్లకు పట్టాలు లేవు.

నేను డ్రోన్ సర్వే చేయించి డ్రాయింగ్ గీశాను. గుంతలో నీళ్లు నిలిపి చెరువు, చుట్టూ నడకదారి, మిగతా నేలంతా చెట్లు. పార్కింగ్‌కి రోడ్డు పక్కనే చదునైన చోటు కావాలి. దిబ్బ మీద చోటు సరిగ్గా సరిపోయింది. నా డ్రాయింగ్‌లో ఇరవై ఆరు ఇళ్లు లేవు, నలభై కార్లు ఉన్నాయి. ఎవరో చెప్తే గీసింది కాదది, నా అంతట నేనే గీశాను. బస్తీ వాళ్లను ఇంకో చోటికి మార్చే సంగతి ప్రభుత్వం చూసుకుంటుందని ఆఖరి పేజీలో ఒక వాక్యం పెట్టి, ఆ పని అయిపోయిందనుకున్నాను.

ఖర్చు పెట్టేది ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ. వాళ్ల తరఫున కార్తీక్ అనే మేనేజరు చూసుకునేవాడు. రోజూ బాచుపల్లి నుంచి ట్రాఫిక్‌లో వచ్చేసరికే సగం అలసిపోయి ఉండేవాడు, అయినా ఎప్పుడూ విసుక్కోలేదు. డ్రాయింగ్ చూసి "సూపర్ ఉంది మేడం" అన్నాడు. దాన్ని పెద్ద బోర్డు మీద ప్రింట్ చేయించి క్వారీ గేటు దగ్గర నిలబెట్టాడు.

ఆ వానల్లో ఆరువందల మొక్కలు నాటాం. కానుగ, రేల, నేరేడు, సీతాఫలం. ఒక్కో మొక్కకూ చిన్న అల్యూమినియం బిళ్ల మీద నా చేత్తో నంబరు కొట్టి కట్టాను. రాతిపొడిలో మొక్క బతకదు కాబట్టి గుంతలు తీసి చెరువు మట్టి నింపించాం. చెరువు మట్టి అని కాంట్రాక్టరు చెప్పాడు. అపార్ట్‌మెంట్ల సెల్లార్ల కోసం తవ్విపోసిన మొరమని చాలా ఆలస్యంగా తెలిసింది. మొక్క మొదట్లో చుట్టూ రాతి ముక్కలు పరిపించాను. దీన్ని స్టోన్ మల్చింగ్ అంటారు. ఎండకు నేల తడారిపోకుండా రాళ్లు కప్పి ఉంచుతాయి. నీళ్లు పోయడానికి బస్తీ నుంచి నలుగురు ఆడవాళ్లను పెట్టుకున్నాం. వాళ్లలో పెద్దది బాలమ్మ. అరవై దాటి ఉంటాయి. నెత్తి మీద బిందె పెట్టుకుని చేయి వదిలేసి నడిచేది. మాట తక్కువ.

మార్చి వచ్చేసరికి మొక్కలు తలలు వేలాడేశాయి. దగ్గరికి వెళ్లి చూస్తే మల్చింగ్ రాళ్లు లేవు. మళ్లీ పరిపించాను. వారం తర్వాత మళ్లీ లేవు. అంతకన్నా విచిత్రం, కొన్ని చోట్ల మొక్కలే లేవు. మొక్క చస్తే ఎండుపుల్లయినా ఉండాలి కదా. పుల్లా లేదు, నంబరు బిళ్లా లేదు. నాకు కోపం తొందరగా వస్తుంది, వచ్చాక నోరు ఆగదు. నేరుగా బాలమ్మ దగ్గరికి వెళ్లాను.

"రాళ్లు ఏమవుతున్నాయి బాలమ్మా?"

"ఏ రాళ్లు మేడం?"

"మొక్కల చుట్టూ నేను పరిపించిన రాళ్లు. ఎవరికి అమ్ముతున్నారు?"

ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది. బాలమ్మ బిందె దించి కింద పెట్టింది.

"అమ్ముడేంది మేడం. గీ ముక్కలెవలు కొంటరు? మేమే ఏరినం. గాడ గచ్చు కాడ కుప్ప పోసినం, చూస్కోండ్రి."

చూశాను. నడుమెత్తు కుప్ప, అంచులు సర్ది పేర్చి ఉంది. ఎందుకు ఏరారని అడిగితే ఆమె నన్ను వింతగా చూసింది.

"క్వారీల కాలి కింద రాయి ఉంటదా మేడం? తట్ట నెత్తిన ఉన్న మనిషికి కింద కనవడదు. ఒక్క ముక్క మడిమె కింద వడ్డదంటె మనిషి, తట్ట అన్నీ బోర్ల పడ్తయి. మా తోటికోడలు గట్లనే నడుము ఇరగ్గొట్టుకున్నది. పొద్దుగాల పనిల దిగేముందు కింద సాఫ్ జేసుడు ఆడోళ్ల పని. చిన్నప్పటి సంది చేసినం. మీరు చెప్పకున్నా మేం అర్ధగంట ముందుగాల వచ్చి చేస్తున్నం."

నాకు తల కొట్టేసినట్టయింది. నేను దొంగతనం అనుకున్నదాన్ని వాళ్లు అడగకుండా, కూలి లేకుండా, అర్ధగంట ముందు వచ్చి మరీ చేస్తున్నారు. నా మల్చింగ్‌ను వారం వారం ఊడ్చేసింది వాళ్ల పనితనమే. రాళ్లు పరిపించేటప్పుడు ఎందుకు పరుస్తున్నామో వాళ్లకు ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పాలని నాకు తోచనే లేదు.

"తప్పుగా మాట్లాడాను బాలమ్మా. ఏమీ అనుకోకండి" అన్నాను.

"ఏమనుకుంటం మేడం. పెట్టుమంటె పెడ్తం." బిందె ఎత్తుకోబోతూ ఆగింది. "కని రాళ్లు పెట్టినా గీ మన్నుల చెట్టు బతకది."

"మరి ఏ మన్నులో బతుకుతుంది?"

"నాకెట్ల ఎర్క మేడం" అని నీళ్లకు వెళ్లిపోయింది. బాలమ్మ అబద్ధం చెప్పగా నేను విన్నది ఆ ఒక్కసారే. మాయమైన మొక్కల సంగతి అడగడానికి ఆ రోజు నాకు మొహం చెల్లలేదు.

ఏప్రిల్లో కార్తీక్ ఫోన్ చేశాడు. నాటిన మొక్కల్లో ఎన్ని బతికాయనే లెక్కను సర్వైవల్ రేట్ అంటారు. మా పనికి మార్కులు వేసేది దాన్ని బట్టే. "మేడం, రేట్ చాలా తక్కువ ఉందండి" అన్నాడు. "జూలైలో రివ్యూ. అప్పటికి మీ దగ్గర గట్టి ప్లాన్ లేకపోతే చెట్లు డ్రాప్ చేద్దామంటున్నారు పైన. మొత్తం పేవర్ బ్లాకులు వేసేసి ఫంక్షన్ల లాన్, ఫుడ్ కోర్టు. మట్టిదే సమస్యయితే మంచి మట్టి ఎక్కడుందో చూడండి. జేసీబీలు నేను పంపిస్తాను."

అప్పటి నుంచి మట్టి కోసం తిరిగాను. మట్టి నమూనా తీసే ఆగర్ అని ఒక ఇనప గొట్టం ఉంటుంది, చేత్తో తిప్పుతూ నేలలోకి దింపాలి. అది స్కూటీకి కట్టుకుని తిరగని చోటు లేదు. ఈ చుట్టుపక్కల ఎక్కడ చూసినా కాంక్రీటో, సెల్లారు గుంతో, మొరం గుట్టో. కాంట్రాక్టర్లు తెచ్చి చూపించిన నమూనాలన్నీ ఒకటే రకం. రోజూ ఆగర్‌తో దిగాలుగా వచ్చే నన్ను బాలమ్మ చూసేది, ఏమీ అనేది కాదు.

జూన్‌లో తొలి వాన నేను క్వారీలో ఉండగానే పడింది. నిలబడే చోటు లేక పరుగెత్తుతుంటే పైనుంచి బాలమ్మ కేకేసింది. "మేడం, తడుస్తున్నరు. జర ఇంట్లకు రాండ్రి." ఏడాది నుంచి అక్కడ పనిచేస్తూ ఆ దిబ్బ ఎక్కడం అదే మొదటిసారి. నా డ్రోన్ ఫొటోలో రేకుల కప్పులే కనిపించాయి.

లోపల ఆమె మరిది నర్సింహులు ఉన్నాడు. క్వారీలో బండకు తూట్లు వేసిన మనిషి, ఆ చప్పుళ్లకు ఒక చెవి పోయింది. చాయ్ ఇచ్చారు. గ్లాసు పట్టుకుని వెనక తలుపు దగ్గర నిలబడి పెరట్లోకి చూశాను. చిక్కుడు పాదు రేకుల మీదికి ఎక్కింది. బొప్పాయి, మునగ, కాకర, ఒక వరస గోంగూర. అంత చిన్న పెరట్లో కాలు పెట్టే చోటు లేదు. గోడ పక్కన నా మోకాలు దాటిన రేల మొక్క ఒకటి మెరిసిపోతూ ఉంది. దాని మెడలో అల్యూమినియం బిళ్ల. వంగి చూశాను. 114. నా చేత్తో కొట్టిన అంకెలు.

"బాలమ్మా, ఇది మన మొక్క కదా."

"సచ్చిపోతుంటె తెచ్చిన మేడం" అంది, తప్పు చేసినదానిలా. "పానం ఉన్నదాన్ని ఎట్ల ఇడుస్తం? ఈడ పెడితె బతికింది. ఇంక ఉన్నయి. ఇంటికి మూడు, నాలుగు."

అప్పుడు గానీ నా బుర్ర పనిచేయలేదు. చుట్టూ అంతా రాతిపొడి. మరి ఈ దిబ్బ మీద ఇన్ని ఎలా పెరుగుతున్నాయి? వానలోనే ఆగర్ దింపాను. గుల్లగా, నల్లటి మట్టి వచ్చింది, వానపాములతో సహా. ఇంకా దింపాను. నడుము లోతులోనూ అదే మట్టి. గ్రానైటు గుట్ట మీద మూరెడు మట్టి చేరడానికి ఎన్ని తరాలు పడుతుందో చెప్పలేం. దాన్ని టాప్‌సాయిల్ అంటాం. గని తవ్వబోయే ముందు ఆ పైమట్టిని తీసి విడిగా దాచాలని, మూసేటప్పుడు మళ్లీ పరచాలని మా రిపోర్టుల్లో మొదటి పాఠం. పాత క్వారీల్లో ఎవరూ దాచలేదు, ఎటో తోసేశారని నేనే ఎన్నోసార్లు రాశాను. ఈ క్వారీ పైమట్టి ఎటూ పోలేదు. నేను దాని మీదే నిలబడి ఉన్నాను.

సంతోషం పట్టలేక అనేశాను. "రెండు నెలలుగా నేను వెతుకుతున్న మట్టి ఇదే బాలమ్మా. ఈ దిబ్బంతా అదే." పుస్తకం తీసి లోతు రాసుకోవడం మొదలుపెట్టాను.

"ఏం రాస్తున్నరు మేడం?" అన్నాడు నర్సింహులు.

"మట్టి లోతండీ."

"రాసుకోండ్రి. కార్ల కోసం మమ్ముల ఎట్లయినా లేపుతరని ఎర్కనే. ఇగ మన్ను కోసం ఇంక జల్ది లేపుతరు."

"కార్ల సంగతి మీకెవరు చెప్పారు?"

"గేటు కాడ మీ బొమ్మ పెట్టిన్రు గద. సదువు రాకున్నా కార్లు కనవడ్తయి మేడం."

బాలమ్మ నా చేతిలో చల్లారిన గ్లాసు తీసుకుని మళ్లీ వేడి చాయ్ పోసింది. పోస్తూ నెమ్మదిగా చెప్పింది. "నేను పెండ్లయి వచ్చిన యాడాది మొదటి పని గిదే. గుట్ట మీది మన్ను గీకి ఈడ పోసుడు. మొదటి తట్ట మా అత్త నా నెత్తి మీద పెట్టింది. బండల గుంజ దిగది గద, మన్నైతె మెత్తగ ఉంటదని మా మామ ఈడనే గుడిసె ఏసిండు. ఆయెన్క అందరేసిన్రు."

"మరి నేను మన్ను మన్ను అని తిరుగుతుంటే ఒక్క మాట చెప్పలేదేం?"

"చెప్తె ఏమైతది బిడ్డా?"

ఏమవుతుందో నాకు తెలుసు. కార్తీక్ జేసీబీలు పంపిస్తాడు. వాన తగ్గేదాకా ఆ గడపలో తలవంచుకుని కూర్చున్నాను.

రెండు రోజులు రిపోర్టు తెరవడం, మూయడం. మట్టి ఉందని రాస్తే ఇళ్లు పోతాయి. రాయకపోతే చెట్లు బతకవు, పేవర్ బ్లాకులొస్తాయి, ఫుడ్ కోర్టుకు పార్కింగ్ ఇంకా పెద్దది కావాలి, అప్పుడూ ఇళ్లు పోతాయి. మావారు అంతా విని "నువ్వు రాయకపోతే ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. "నాకు తెలుస్తుంది కదండీ" అన్నాను. ఉన్న మట్టిని లేదని రాయడం నా వల్ల కాదు. ఇరవై ఆరు ఇళ్ల కింద నుంచి తవ్వమని రాయడమూ నా వల్ల కాదు. అన్నం సయించలేదు. ఏడ్చాను కూడా, ఎందుకంటే ఆ కార్లు గీసింది నేనే.

మూడో రోజు క్వారీలో నడుస్తుంటే 114 ఉండాల్సిన ఖాళీ గుంత కనిపించింది. ఇన్నాళ్లూ నేను మట్టిని మొక్క దగ్గరికి తేవాలని తిరుగుతున్నాను. బాలమ్మ మొక్కను మట్టి దగ్గరికి తీసుకుపోయింది. గబగబా దిబ్బ ఎక్కి, అన్ని ఇళ్లలో కలిపి ఎన్ని మొక్కలున్నాయో లెక్కపెట్టమన్నాను. ఆడవాళ్లు ఇల్లిల్లూ తిరిగి వచ్చారు. తొంభై మూడు. అన్నీ నా పుస్తకంలో పోయాయని రాసినవే.

"ఇలా అన్ని మొక్కలూ పెంచగలరా?" అని అడిగాను. "పెద్ద సంచుల్లో ఈ మట్టి పోసి, నడుమెత్తు వచ్చేదాకా మీ పెరళ్లలోనే పెంచి, ఆ మట్టిముద్దతో సహా కింద నాటితే?"

బాలమ్మ లెక్కేసుకుంది. "ఒక్క చెట్టుకు ఒక్క తట్ట మన్ను పోతది. మేం తట్టకు తట్ట పెంట పోస్తం. మేకలున్నయి, ఆకు ఉన్నది. మన్ను తగ్గది."

నర్సింహులు మంచి చెవి నా వైపు తిప్పాడు. "పెంచుతం మేడం. పెంచితె మా ఇండ్లుంటయా?"

"ఉంటాయని మాటివ్వలేనండీ. డ్రాయింగ్ మారుస్తాను. దాని కోసం కొట్లాడతాను. అంతవరకు నాది."

అతను "గంత చెప్పినోళ్లు గూడ ఎవరు లేరు" అన్నాడు.

డ్రాయింగ్ మార్చడానికి నాకు పట్టింది ఒక పూట. పార్కింగ్‌ను పాత క్రషర్ గచ్చు మీదికి జరిపాను. అక్కడ గడ్డి కూడా మొలవదు, కార్లకు తప్ప దేనికీ పనికిరాదు. మొదటే అక్కడ ఎందుకు పెట్టలేదంటే, గేటు నుంచి రెండు నిమిషాలు ఎక్కువ నడవాలని. ఆ రెండు నిమిషాల కోసం ఇరవై ఆరు ఇళ్లు చెరిపాను. రిపోర్టులో దిబ్బ గురించి దాచకుండా రాశాను, లోతుతో సహా. యంత్రంతో ఒకేసారి తవ్వి నేలంతా పరిస్తే అది బొటనవేలంత మందం కూడా రాదని, రెండు వానలకు గుంతలోకి కొట్టుకుపోతుందని రాశాను. ఉన్నచోటే ఉంచి, పెరళ్లను నర్సరీగా వాడితే ఏటా చెట్లిస్తుందని, దాన్ని చూసుకునే చేతులు అక్కడే కాపురం ఉండాలని రాశాను. ఇళ్లను టాప్‌సాయిల్ బ్యాంకులో భాగంగా చూపించాను. స్థానిక సమాజం పేజీ ఈసారి ఆరు పేజీలయింది, ఒక్క వాక్యమూ అతికించింది కాదు.

జూలై రివ్యూకి బాలమ్మను వెంట తీసుకెళ్లాను. పాత పెయింటు డబ్బాలో 114ను ఆమె చంకలో పెట్టుకుంది. కంపెనీ లాబీలో కుండీల చుట్టూ అందానికి పోసిన తెల్ల గులకరాళ్లు కొన్ని నేల మీద పడి ఉన్నాయి. నేను రిజిస్టరులో సంతకం చేసి తిరిగేసరికి ఆమె డబ్బా పక్కన పెట్టి, వాటిని ఏరి, ఒక్కొక్కటే కుండీలో మొక్క మొదట్లోకి సర్దుతోంది.

తొమ్మిదో అంతస్తులో మీటింగు. కార్తీక్, అతని పై అధికారి, ఇంకో ఇద్దరు. పై అధికారి గుంటూరు వైపు మనిషి, గట్టివాడు. కొత్త డ్రాయింగ్, పాతది పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

"ముందు పార్కింగ్ దిబ్బ మీద ఉందండీ. అది ఎవరు పెట్టారు?"

"నేనే పెట్టానండీ. తప్పు పెట్టాను."

పాతికేళ్లలో మీటింగులో ఆ మాట అనడం అదే మొదటిసారి. కార్తీక్ లాప్‌టాప్‌లోకి చూశాడు. పై అధికారి "బాగుందండీ, కానీ పోయినసారి మొక్కలన్నీ పోయాయి. ఇవి బతుకుతాయని నమ్మకం ఏమిటి?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు బాలమ్మ లేచి పెయింటు డబ్బాను అద్దం బల్ల మీద పెట్టింది. బిళ్లను ఆయన వైపు తిప్పింది.

"ఇది సచ్చిపోయిందని మీ కాయితంల ఉన్నది సార్. చూస్కోండ్రి."

కార్తీక్ తన లిస్టు తెరిచి వెతికాడు. "114. రేల. డెడ్" అని చదివాడు. చదివి తల ఎత్తి మొక్కను చూశాడు. పై అధికారి చేయి చాచి ఒక ఆకును రెండు వేళ్లతో పట్టుకుని వదిలాడు.

"ఎవరు పెంచారమ్మా దీన్ని?"

"మా మన్ను పెంచింది సార్. మేం నీళ్లు పోసినం."

"ఒక ఏడాది చూద్దామండీ" అన్నాడాయన నాతో. "ఏడాది వరకు దిబ్బ జోలికి ఎవరూ వెళ్లరు." బయటికి వచ్చేముందు బాలమ్మ బల్ల మీద రాలిన మట్టిని అరచేత్తో ఊడ్చి, డబ్బాలో పోసుకుంది.

ఆ ఏడాది తర్వాత ఇంకో ఏడాది అడిగారు, ఆ తర్వాత అడగడం మానేశారు. ఈ వానాకాలానికి అన్ని గుంతల్లోనూ చెట్లున్నాయి. పోయినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పొద్దున్నే టవర్ల నుంచి వచ్చి నడిచేవాళ్లు నడుస్తారు, కార్లు క్రషర్ గచ్చు మీద పెట్టి రెండు నిమిషాలు ఎక్కువే నడుస్తారు, ఎవరి కాళ్లూ అరగలేదు. ఆమోదం పొందిన ప్లాన్‌లో బస్తీ ఇరవై ఆరు ఇళ్లతో సహా ఉంది. దాని వల్ల నల్లా వచ్చింది. ఆడవాళ్లిప్పుడు హౌస్‌కీపింగ్ మానేసి నర్సరీ చూసుకుంటున్నారు, మణికొండ బాల్కనీలకు మొక్కలిస్తున్నారు. మా బాల్కనీలో కరివేపాకు అక్కడిదే. పట్టాలు మాత్రం ఇంకా రాలేదు. వెళ్లినప్పుడల్లా నర్సింహులు అడుగుతాడు, ఫైలు ఏ బల్ల మీద ఉందో చెప్తాను. వదిలిపెట్టనని అతనికీ తెలుసు. ఆ దారిలో నడుస్తుంటే నాకు మనసు నిండుగా ఉంటుంది. చెట్ల మొదట్లో రాళ్లు గుండ్రంగా పేర్చి ఉంటాయి, నడిచే దారిలో ఒక్క ముక్క ఉండదు. బాలమ్మ ఇప్పటికీ అర్ధగంట ముందే వస్తుంది.

ఈ క్వారీ తర్వాత నా పని తీరు ఒక విషయంలో మారింది. కొత్త గనికి వెళ్తే మొదటి రోజు డ్రోన్ ఎగరేయను. అక్కడ తట్ట మోసిన ముసలివాళ్లెవరైనా మిగిలారా అని వెతుక్కుంటాను. మొదటి తట్ట మన్ను ఎక్కడ పోశారు, ఇప్పుడు దాని మీద ఎవరుంటున్నారు అని అడుగుతాను. ఆఖరి పేజీని మొదట రాస్తాను. ఇదంతా మైనింగ్ కాలేజీలో చెప్పి ఉంటే బాగుండేది. చెప్పే ఉంటారేమో, నేను వినలేదేమో.

114ను క్రషర్ గచ్చు అంచున నాటాం. నా కన్నా ఎత్తయింది. పూత ఇంకా రాలేదు, వచ్చే ఎండాకాలం వస్తదంటుంది బాలమ్మ. మొన్న వెళ్లినప్పుడు బిళ్ల తీగ కాండానికి బిగుసుకుపోతోందని, ఇక నంబరుతో పనేముందని కత్తిరించబోయాను. బాలమ్మ నా చేయి పట్టుకుంది. తీగ తనే విప్పి, కొత్త తాడుతో వదులుగా మళ్లీ కట్టింది.

"ఉండనియ్ బిడ్డా" అంది. "మళ్ల ఎవలన్న సచ్చిపోయిందని రాస్తరు."